సొరకాయ కోతలు

మన తెలుగులో ఒక చిక్కుంది.
"నిన్న మేడమీద సొరకాయ కోశాను" అంటే
వినేవాడు ముందు నవ్వుతాడు.
అందుకే పీణ్యలో, మా లేత్ షాపులో
ఈ మాట ఎవరితోనూ అనలేదు,
తాడిపత్రి ఓబులేసుతో అసలే అనలేదు.

మొదలైంది మోసంతోనే.
దాసరహళ్లి సంతలో లేతదని అంటగట్టిన కాయ
ఇంటికొచ్చి కోస్తే లోపలంతా దూది,
ముసలి పళ్లలాంటి గింజలు.
ఇరవై రూపాయలు.
తిట్టుకుంటూనే గింజల్ని కిటికీలో ఎండబెట్టాను,
ఎందుకో నాకూ తెలీదు.

పక్క సైటులో పునాది తవ్వుతుంటే
రాయచూరు మేస్త్రీని అడిగి నాలుగు సంచుల ఎర్రమట్టి.
షాపులో కూలెంట్ అయిపోయిన నీలం డ్రమ్ము
సగానికి కోసి, మూడుసార్లు సబ్బుతో కడిగి,
నూనె వాసన పోక నాలుగోసారీ కడిగి
మూడో అంతస్తు దాకా మెట్లు.
ఇంటి ఓనరు గంగరత్నమ్మ మలుపులో నిలబడి
ఒక్కటే అడిగింది: "నీరు?"
కావేరి మంగళ, శుక్రవారాలే.
బోరు నీళ్లు ఆరితే బకెట్టుకు సున్నం వేసినట్టుంటుంది.
బియ్యం కడిగినవీ పప్పు కడిగినవీ పోస్తానన్నాను.
"సరి" అంది, నమ్మనట్టుగా.

తీగ మాత్రం నమ్మింది.
కేబుల్ వైరు పట్టుకుంది, డిష్ కాలు పట్టుకుంది,
దండెం మీది నా యూనిఫాం చొక్కా
గుండీ కాజాలోకి ఒక నులితీగ దూర్చి
అక్కడే పడుకుంది.
ఆ రోజు వేరే చొక్కా వేసుకెళ్లి
సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాను.

పిందెలు వచ్చాయి. వేలెడంత, ఒంటినిండా నూగు.
జేబులో వెర్నియర్ ఉండనే ఉంది,
కొలిచాను: పద్నాలుగు మిల్లీమీటర్లు.
మర్నాడూ పద్నాలుగే.
ఆ మర్నాడు పసుపు. తరవాత నేల.
ఇలా ఆరు.
రిజెక్షన్ నూటికి నూరు.

గంగరత్నమ్మే చెప్పింది, వక్క నములుతూ:
ఇది చీకట్లో విచ్చుకునే పువ్వు,
ఇంత ఎత్తుకు ఏ పురుగు ఎక్కి వస్తుందప్పా,
నువ్వే తిరుగు.

సెకండ్ షిఫ్టు దిగి పదకొండు దాటాక
ఫోను లైటు పళ్ల మధ్య కరుచుకుని
మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి విరిచి
పిందె మోస్తున్న పువ్వు నోటికి అద్దాను.
మైక్రాన్ల లెక్కన పనిచేసే వేళ్లు
వణికాయి.
నలభై మూడేళ్లొచ్చినా పెళ్లికానివాణ్ణి,
ఆ రాత్రి పెళ్లిళ్ల పేరయ్యనయ్యాను.
ఆఖరి మెట్రో మాదవర వైపు పోతూ పోతూ
కిటికీల వెలుగంతా ఒకసారి తీగ మీద దులిపింది.
ఎదుటి మేడ మీంచి ఎవరో "యారదు?" అని అరిచారు.
చేతిలో పువ్వు పట్టుకుని ఏమని చెప్పను?
"నానే" అన్నాను.

పద్నాలుగు. పందొమ్మిది. ఇరవై ఏడు.
తరవాత్తరవాత వెర్నియర్ దవడలు చాలలేదు.

పదమూడో రోజు గోరు గుచ్చి చూశాను.
వెన్నలోకి దిగినట్టు దిగింది.
కోశాక తొడిమ దగ్గర ఒక నీటిబొట్టు
రాలనా వద్దా అని చాలాసేపు ఆగింది.
సగం కింది ఇంటికి, ఆమె అడిగిన తొడిమ వైపు.
సగం నాకు, సెనగపప్పు వేసి.

ఏడు గంటల బ్రేకులో డబ్బా మూత తీస్తే
ఓబులేసు రొట్టె తుంచి అడక్కుండానే ముంచాడు.
"సొరకాయ! బలే లేతగుండాదే. యాడ కొన్నావ్?"
నాలిక చివరికి వచ్చిన వాక్యాన్ని మింగేసి
"సంతలో" అన్నాను.
"ఎంత?"
రాలిన ఆరూ, నాలుగు సంచులూ, అన్ని మెట్లూ
మనసులో కూడుకుని
"ఇరవై" అన్నాను.

"ఉప్పు తక్కువైంది," ఇంకో ముక్క ముంచాడు.
"రేపు నాకూ ఒగటి తెచ్చిపెట్టు."

రేపు కుదరదు, అన్నాను.
పదమూడు రోజులు పడుతుంది.

వాడు నమలడం ఆపి
నా వంక చూశాడు.